సీట్లమ్మ చేసిన క్లాంపు

జూన్ 4

అమ్మాయికి,

మీ అత్త రాస్తోంది. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయని నీ మొగుడు ఎప్పుడూ నవ్వేవాడు. ఐదో తరగతితో ఆపేసినదాన్ని, ఇంతకంటే ఎలా వస్తాయి? ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. వాడి కబురు ఫోన్లోనే కదా వచ్చింది. అప్పట్నుంచి అది మోగితే చేతిలో కత్తెర జారిపోతోంది. అందుకే తీసుకెళ్ళి పక్క షెడ్డులో లేతు మిషను తాతకి ఇచ్చేశాను. ఇక నీకూ నాకూ కాగితమే. పార్సిలు లారీ వారానికి రెండుసార్లు మీ ఊరు వస్తుంది, అందులో వేస్తాను.

వాడు పోయిన నాలుగు నెలలకి వాడి పని నీకే ఇచ్చారని తెలిసి నా గుండె కుదుటపడింది. నలుగురూ నన్నే తిడుతున్నారనుకో. "కొడుకుని మింగిన బండి మీదికి కోడల్ని ఎక్కిస్తావా?" అని మా ఆడపడుచు మొహం మీదే అడిగింది. "బండి ఎవర్నీ మింగదు. ముప్ఫై ఏళ్ళుగా వాటికి సీట్లు కుడుతున్నాను, నాకు తెలీదా?" అన్నాను. నువ్వు ఎక్కు. ధైర్యంగా ఎక్కు.

నీ పని సంగతి నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను, తప్పైతే చెప్పు. బండి ముందు ఒక కెమెరా బిగించాలి. అది రోడ్డుని చూస్తూ పోతుంది, గుంట ఎక్కడుంది, పగులు ఎక్కడుంది అని. హ్యాండిల్ మీద ఫోను బిగించాలి. అది దారి చూపిస్తుంది, రోడ్డు పాడైనచోట దాని మీద నొక్కితే గుర్తు పడుతుంది. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు ఆ వీడియో చూసి మరమ్మతుల జాబితా రాస్తారు. కెమెరా వాళ్ళే ఇస్తారు గానీ, బిగించుకునే ఏర్పాటు ఎవరి బండికి వాళ్ళే చేసుకోవాలి. బొమ్మ కదిలితే వీడియో తీసుకోరు. ఆగస్టు ఆఖరు దాకా చూసి, బాగుంటే ఉంచుతారు, లేకపోతే పంపేస్తారు. అంతేనా?

అంతే అయితే నాకు వదిలెయ్. పార్సిల్లో రెండున్నాయి. పెద్దది కెమెరాకి, చిన్నది ఫోనుకి. లోపల అంగుళం స్పాంజి, పైన నల్ల రెగ్జిన్, నాలుగు వరసల కుట్టు. చుట్టి బెల్టు లాగి బిగించు. పసిపిల్లని ఒళ్ళో పెట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

వేళకి తిను.

మీ అత్త


జూన్ 11

అత్తయ్యకు నమస్కారం.

పార్సిలు అందింది. విప్పగానే మన షాపు వాసన వచ్చింది, జిగురూ రెగ్జినూ కలిసిన వాసన. కాసేపు అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కుట్టు ఎంత బాగుందో చెప్పలేను. ఆఫీసులో వీడియోలు చూసే అమ్మాయిలు చేతిలోకి తీసుకుని "ఎక్కడ కొన్నావు?" అని అడిగారు. "మా అత్తయ్య కుట్టారు" అంటే నమ్మలేదు.

నా గది మేడ మీద. బండి మెట్ల కింద పెడుతున్నాను. పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరితే పదిలోపు నలభై కిలోమీటర్లు తియ్యొచ్చు. ఒక చిన్న సంగతి. మొదటి వీడియో తీసుకోలేదు. బొమ్మ కొంచెం కదులుతోందట. నాకిచ్చిన రోడ్డు మరీ అధ్వాన్నం, దానివల్లేనేమో. మీరేం కంగారు పడకండి. మీరు పంపినవి చాలా మెత్తగా, బాగున్నాయి.

మందులు మానకండి.

మీ కోడలు


జూన్ 17

కోడలు పిల్లకి,

చాలా మెత్తగా ఉన్నాయని రాశావు చూడు, ఆ ముక్క లేతు తాతకి రెండుసార్లు చదివి వినిపించాను. "మెత్తగా ఉంటే మంచిదేనంటావా?" అని ఏదో గొణిగాడు. పొద్దస్తమానం ఇనుము కోసేవాడికి మెత్తదనం ఏం తెలుస్తుంది, నువ్వే చెప్పు.

రోడ్డు అధ్వాన్నమైతే దానికి మందు నా దగ్గరుంది. గతుకుల్లో తిరిగేవాళ్ళు నా దగ్గరికొచ్చి ఏమంటారు? "సీట్లమ్మా, ఇంకో అంగుళం వెయ్యి" అంటారు. వేస్తాను. నడుం నొప్పి పోయిందని మళ్ళీ వచ్చి చెబుతారు. మనిషి నడుముకి పనికొచ్చింది కెమెరాకి పనికిరాదా? ఈసారి రెండంగుళాల స్పాంజి వేశాను. కెమెరా కింద ఒకటి, వెనకాల ఒకటి, రెండు పక్కలా చెరొకటి. పరుపు మీద పడుకోబెట్టినట్టే. ఇక ఎలా కదులుతుందో నేనూ చూస్తాను.

బండి తుడిచేటప్పుడు ఒకటి చూసి రాయి. వాడు వానలో జారి పడ్డప్పుడు బండి ఏ పక్క గీసుకుంది, కుడి పక్కా, ఎడమ పక్కా? హ్యాండిల్ ఆ పక్కకి ఒంగి ఉంటే బెల్టు కొలత మార్చాలి.

ఇక్కడ అంతా మామూలే. మొన్న ఒకాయన వచ్చి, ముగ్గురు కూర్చునేలా సీటు పొడిగించమన్నాడు. "నాలుగో మనిషికి నీ నెత్తి మీద కుట్టమంటావా?" అన్నాను. మళ్ళీ రాలేదు.

మీ అత్త


జూన్ 26

అత్తయ్యకు నమస్కారం.

రెండోసారి పంపినవి కూడా బిగించాను. చూడ్డానికి బండి ముందు దిండు కట్టినట్టు ముద్దుగా ఉంది. కానీ అత్తయ్యా, ఇంకో మూడు వీడియోలు వెనక్కి వచ్చాయి. మొత్తం నాలుగు. సూపర్‌వైజరు పెద్దాయనే, మంచివాడే గానీ నోరు ఊరుకోదు. "ఏమ్మా, బండి మీద వెళ్ళావా, పడవ మీద వెళ్ళావా?" అన్నాడు అందరి ముందు. నేనే బండి నిలకడగా నడపడం లేదేమో. గేరు మార్చినప్పుడల్లా కుదుపు ఇస్తున్నానేమో. సరిచేసుకుంటాను.

బండి ఎడమ పక్క గీసుకుంది. పెయింటు వేయించాను, ఇప్పుడు కనబడదు. ఆ వాన రోజు మళ్ళీ మళ్ళీ ఎందుకు తలుచుకుంటారు?

మీరు శ్రమ పడొద్దు. ఇవే చాలు.

మీ కోడలు


జూలై 3

కోడలు పిల్లకి,

నువ్వు నడపడం రానిదానివి కాదు. పెళ్ళైన మూడో నెలలో నువ్వు ముందు, వాడు వెనక కూర్చుని మా షాపు ముందుకొచ్చి ఆగారు. రోడ్డంతా నోరు తెరిచింది. నేను తెరవలేదు. బ్రేకు ఎంత నెమ్మదిగా వేశావో చూశాను.

రోగం ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలిసింది. గతుకొస్తే నువ్వు ఎగురుతున్నావు. నువ్వు ఎగిరి పడితే బండి అదురుతోంది, బండి అదిరితే కెమెరా. కాబట్టి వైద్యం నీ కిందే జరగాలి. నాలుగు రోజులు వేరే పని ముట్టుకోకుండా నీకు కొత్త సీటు కుట్టాను. మూడంగుళాల స్పాంజి, ఒత్తు రకం. పాతది తీసి ఇది వేసుకో. రాణిలా ఉంటుంది.

ఇంకోటి. ఇప్పటికీ కుదరకపోతే మొహమాట పడకు. వదిలేసి వచ్చెయ్. నా పక్కన రెండో కుట్టు మిషను ఖాళీగానే ఉంది, నూనె వేసి ఉంచాను. ఎవరూ ఏమీ అనరు. అంటే నేనున్నాను.

మీ అత్త


జూలై 11

అత్తయ్యా,

నమస్కారం పెట్టకుండా మొదలుపెట్టినందుకు ఏమనుకోకండి. ఇప్పుడే గదికొచ్చాను. మోకాలు చెక్కుకుపోయింది, అరచేయి మండుతోంది. అయినా ఇవాళే రాయాలి. రేపటికి మళ్ళీ మెత్తబడిపోతాను.

మీ కొత్త సీటు వేసుకుని బయల్దేరాను. సిగ్నల్ దగ్గర ఆగి కాలు కింద పెడితే నేల లేదు. మునివేళ్ళు కూడా అందలేదు. అందరూ చూస్తుండగా బండితో సహా ఎడమ పక్కకి ఒరిగిపోయాను. ఇప్పుడు నిజంగానే ఎడమ పక్క గీసుకుంది.

కెమెరా వణకడానికి కారణం రోడ్డు కాదు. నేనూ కాదు. మీ స్పాంజి. బండి ఇటు పోతే స్పాంజి మీదున్న కెమెరా అటు పోతుంది. మీరు ఎంత మందం వేస్తే అంత ఊగుతుంది. నాకు మొదటి రోజే తెలిసింది. కానీ కొడుకు పోయిన తల్లి కళ్ళు పోయేలా కూర్చుని కుట్టి పంపితే, ఇది పనికిరాదని ఏ చేత్తో రాయను? అందుకే బాగుంది, మెత్తగా ఉంది అని రాశాను. మీరు ఇంకా మెత్తగా చేసి పంపారు. ఏడు వీడియోలు పోయాయి. ఇంక మిగిలింది ఏడు వారాలు.

వదిలేసి రమ్మన్నారు. ఆ మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది. నా మీద మీకు నమ్మకం పోయిందా? నేను వదలను అత్తయ్యా. నాకు కుట్టు రాదు. నాకు వచ్చింది ఇదొక్కటే, అది ఆయన నేర్పింది.

ఎక్కువ రాసి ఉంటే మన్నించండి. చించెయ్యను, పంపిస్తున్నాను.

కోడలు


జూలై 15

నా తల్లికి,

నీ ఉత్తరం చదివాను. ఒక సీటుకి కుట్టు తప్పేసి మళ్ళీ విప్పుకున్నాను. తర్వాత తీసుకెళ్ళి లేతు తాతకి చదివి వినిపించాను. ఆయన నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి మిషను ఆపుకున్నాడు. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషివి. కోడలు పిల్ల నాలుగో కాలు చూపించిందా లేదా?" అన్నాడు. చూపించింది మరి.

అప్పుడు ఒక పాత సీటు బోర్లా వేసుకుని కూర్చున్నాను. మెత్తదనమంతా పైనే. అడుగున రేకు. రేకు కింద బోల్టులు, బోల్టులు చట్రంలోకి. ముప్ఫై ఏళ్ళుగా నా చేత్తోనే వేస్తున్నానే, ఒక్కనాడు ఆలోచించలేదు. స్పాంజి మనిషిని బండి నుంచి విడదీస్తుంది. మనిషికి అదే సుఖం. కెమెరా విడిపోకూడదు. బండి ఎటు పోతే అటు, బండిలో ముక్కలా పోవాలి. తాతా నేనూ కలిసి ఒకటి చేస్తున్నాం. ఈలోపు ఆ సీటు పీకేసి పాతది వేసుకో.

వదిలేసి రమ్మన్నది నమ్మకం లేక కాదు. ఒంటరిగా తింటున్నావని. సరే, ఇక అనను.

ఇప్పుడు అసలు మాట. నీ మీద కోపం వచ్చిందనుకుంటున్నావేమో. ఆర్నెల్లుగా అందరూ నాతో గాజుసామాను మోస్తున్నట్టు మాట్లాడుతున్నారు. నా ముందు గట్టిగా తుమ్మే మనిషి లేడు. నాకు వినపడిన మొదటి గట్టి మాట నీదే. మొదటిది చెప్పావు కదా, రెండోది కూడా చెప్పెయ్.

"ఇప్పుడు నిజంగానే ఎడమ పక్క గీసుకుంది" అని రాశావు. అంటే మొదటిసారి గీసుకోలేదన్నమాట. నాకు తెలుసు. నువ్వు తీసుకెళ్ళక ముందు ఆ బండి పదిహేను రోజులు నా షెడ్డులో ఉంది. పడ్డ బండిని నేను చీకట్లో తడిమి చెప్పగలను. క్లచ్ లివరు కొస అరుగుతుంది, కాలు పెట్టే రబ్బరు చిరుగుతుంది, సీటు అంచు రెగ్జిన్ గీరుకుపోతుంది. వాడి బండికి వెంట్రుకంత గీత లేదు. మీరంతా వానలో జారి పడ్డాడన్నారు, నేను తలూపాను. గీత ఏ పక్కన అని నిన్ను అడిగింది అందుకే. అప్పుడైనా చెబుతావని.

వాడికి ఏమైందో రాయి. స్పాంజి వద్దు.

అమ్మ అనుకో, అత్త అనుకో


జూలై 23

అత్తయ్యా,

నాలుగుసార్లు రాసి చించేశాను. ఇది ఐదోది.

ఆ రోజు వాన లేదు. మంచి ఎండ. ఆయన ఫోనుకి పెట్టుకునే ప్లాస్టిక్ పట్టీ ఉండేది కదా, పీత గోళ్ళలా పట్టుకునేది. దాని రబ్బరు అరిగిపోయింది. ఆ రోడ్డు మీద ఒక స్పీడు బ్రేకరుంది. దాని మీద చారలు లేవు. రోడ్డు రంగులో కలిసిపోయి, దగ్గరికొచ్చేదాకా కనబడదు. బండి ఎగిరింది, ఫోను ఊడి వెనక పడింది. ఆయన బండి పక్కకి తీశారు. స్టాండు వేశారు. తాళం తీసి జేబులో పెట్టుకున్నారు. ఫోను కోసం వెనక్కి నడిచి వెళ్ళారు.

అక్కడ పంక్చర్లు వేసే ఆయన ఇదంతా చూశాడు. నాకు చెప్పింది ఆయనే. ఫోను తీసుకుని తుడిచి, "పగల్లేదన్నా!" అని చెయ్యెత్తి ఆయనకి చూపించారట. అప్పుడే ఎదురు దిక్కు నుంచి వ్యాను వచ్చింది. దానికీ ఆ బ్రేకరు కనబడలేదు. ఎగిరి, అదుపు తప్పింది. అంతే అత్తయ్యా. ఇంకేమీ దాచలేదు.

ఎందుకు దాచానంటే, ఫోనుకి ఒక కట్టు కుట్టిపెట్టమని ఆయన మిమ్మల్ని అడిగారని నాకు తెలుసు. రెండుసార్లు అడిగారు. "అమ్మకి పని ఒత్తిడిగా ఉంది, తర్వాత కుడుతుందిలే" అన్నారు నాతో. జరిగింది తెలిస్తే మీకు అదే గుర్తొస్తుందని, మీరు తట్టుకోలేరని, నేనే వాన కురిపించాను.

నా మీద కోపం వస్తే కోపంగానే రాయండి.

మీ కోడలు


జూలై 30

నా తల్లికి,

రెండుసార్లు కాదు. మూడుసార్లు అడిగాడు. మూడోసారి సంగతి నీకు చెప్పి ఉండడు. "ముక్కలు మిగిలినప్పుడు చూస్తాలేరా, నీ ఫోను ఎక్కడికీ పోదు" అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు.

నాకు గుర్తు రాకుండా ఉంటుందా, పిచ్చిపిల్లా? బండి చెక్కు చెదరకుండా వచ్చింది, ఫోను ముక్కలై వచ్చింది. సంగతి ఫోనుతోనే ఉందని అప్పుడే తెలుసు. కానీ నేననుకున్నది వేరు. నువ్వు ఫోన్ చేశావనీ, వాడు నీతో మాట్లాడుతూ ఏమరపాటున పోయాడనీ అనుకున్నాను. ఆ మాట అడిగితే నువ్వు విరిగిపోతావని నోరు కుట్టుకున్నాను. నువ్వు నన్ను, నేను నిన్ను. ఆర్నెల్లు ఒకరినొకరం స్పాంజిలో చుట్టి పెట్టుకున్నాం. ఏం తెలివి!

నేను ఆ కట్టు కుట్టి ఉంటే బతికేవాడా అని రోజూ అడుగుతుంది నా బుర్ర. నీ ఉత్తరం వచ్చాక దానికి జవాబు చెప్పాను. కుట్టి ఉంటే స్పాంజితోనే కుట్టేదాన్ని, ఇంకా ముందే ఎగిరిపోయేది. అయినా కుట్టలేదు కదా. ఆ బాధ నాది. అది నా దగ్గరే ఉండనీ, నువ్వు పంచుకోవద్దు. చెయ్యెత్తి చూపించాడని రాశావే, అది మాత్రం ఇద్దరం ఉంచుకుందాం. చిన్నప్పుడు కింద పడి లేచినా అంతే, ముందు చెయ్యెత్తి చూపించేవాడు.

సరే. ముక్కు చీదుకున్నాను. ఇప్పుడు పని.

పార్సిల్లో ఉన్నది ఇనుము. స్పాంజి పోగు కూడా లేదు, వెతుక్కో. తాత పట్టీలు కోసి, వంచి, చిల్లులు వేసి ఇచ్చాడు. నేను కొలతలు చెప్పాను, ఆయన తిట్టాడు, అలా తయారైంది. కెమెరాది హ్యాండిల్‌కి వద్దు, హ్యాండిల్ తిరుగుతుంది. హెడ్‌లైట్ కింద చట్రానికే బిగించు. కెమెరా నిలబడే కొమ్ము రెండు వేళ్ళ పొడవే పెట్టించాను. పొడుగైతే కొస ఊగుతుంది. ఫోను క్లాంపు హ్యాండిల్‌కి. బిగించే ముందు సైకిలు ట్యూబు ముక్క ఒక చుట్టు చుట్టు. ఒక్క చుట్టే, నా కోడలివి కదా అని మూడు చుట్టేవు! అది మెత్తదనానికి కాదు, జారకుండా పట్టుకోవడానికి. ఫోను అడుగున మాత్రం పల్చటి రబ్బరు వాషర్లు నాలుగు వేశాం. ఇంజను అదురుకి ఫోన్లో ఉండే కెమెరా పాడవుతుందట, తాత చెప్పాడు. నా మెత్తదనానికి ఆ మాత్రం చోటు మిగిలింది.

ప్రతి బోల్టుకి రెండు నట్లు. మొదటిది పట్టుకుంటుంది, రెండోది దాన్ని వదలనివ్వదు. బిగించాక హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడు, ఎక్కడా తగలకూడదు, బ్రేకు తీగ లాగకూడదు. తర్వాత ఫోను పట్టుకుని ఊపు. బండి ఊగాలి, ఫోను ఊగకూడదు. నేను ఇక్కడ క్లాంపుకి ఇస్త్రీ పెట్టె వేలాడదీసి ఒక రోజంతా ఉంచాను. చెక్కు చెదరలేదు.

ఆఖరుది ఒక తాడు. అది నేనొక్కదాన్నే కుట్టాను. ఒక కొస క్లాంపుకి, ఒక కొస ఫోను కవరుకి. ఏ కారణం వల్లనైనా ఫోను ఊడితే బండికే వేలాడుతుంది. దాని కోసం ఎవరూ రోడ్డు మీదికి నడవక్కర్లేదు.

మీ అత్త


ఆగస్టు 15

అత్తయ్యకు నమస్కారం, తాతకి కూడా.

నిలబడింది!

మొదటి రోజు మాత్రం నా తప్పు. ఒక నట్టు మెట్ల కింద ఎక్కడో దొర్లిపోతే, ఒకటి చాల్లే అనుకున్నాను. ఇరవై కిలోమీటర్లకే వదులైంది. వెనక్కొచ్చి, వంగి, వెతికి, రెండోది కూడా వేశాను. అప్పట్నుంచి పది రోజులు, పది వీడియోలు. ఒక్కటీ తిరిగి రాలేదు. సూపర్‌వైజరు ఒకటి ఆపి చూసి, "గోడకి మేకు కొట్టినట్టుందమ్మా" అన్నాడు. కిందకొచ్చి బండి ముందు గొంతుక్కూర్చుని క్లాంపు పట్టుకుని ఊపాడు. బండి ఊగింది. "ఎవరు చేశారు?" అంటే "మా ఇంట్లోవాళ్ళు" అన్నాను.

ఇంకో సంగతి. నెలాఖరులోపు ఒక్క రోడ్డు మిగిలింది. అది తీస్తే నా వాటా పూర్తవుతుంది, దాన్ని బట్టే ఉంచడమో పంపడమో తేలుస్తారు. జాబితాలో చూశాను. ఆ రోడ్డే అత్తయ్యా. పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ బ్రేకరు పదకొండో కిలోమీటరు దగ్గర వస్తుంది. సూపర్‌వైజరుకి తెలుసు, పక్కకి పిలిచి చెప్పాడు. "వద్దంటే వేరేవాళ్ళకి ఇస్తాను, కానీ నీ లెక్కలో ఒక రోడ్డు తగ్గుతుంది. ఆ పైన నా చేతిలో లేదు" అన్నాడు.

వదలనని మీకు గట్టిగా రాశాను. ఇప్పుడు ఆ పేరున్న కాగితం మడిచి పక్కన పెట్టేశాను. మీరెలా అంటే అలా.

మీ కోడలు


ఆగస్టు 19

నా తల్లికి,

నేనెలా అంటే అలా ఏమిటి? బండి నడిపేది నువ్వు.

కానీ వెనక సీటు ఖాళీగా ఉంది కదా. ఆ సీటు కుట్టింది నేను, ఒక్కసారైనా దాని మీద కూర్చోలేదు. వాడు రమ్మంటే "ఈ వయసులో నాకు బండేమిట్రా" అనేదాన్ని. ఇరవై ఐదున పొద్దున బస్సుకి వస్తాను. ఇరవై ఆరున ఇద్దరం వెళదాం. నువ్వు రోడ్డు చూడు, నేను నిన్ను చూస్తాను. వెళ్ళగలిగినంత దూరం వెళదాం. మధ్యలో ఆగాలనిపిస్తే ఆగుదాం, తిప్పాలనిపిస్తే తిప్పుదాం, ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వెతుకుదాం. నడపడం రాక మాత్రం పోకూడదు.

నాకో హెల్మెట్ తెప్పించు. నా తల పెద్దది, చూసి తెప్పించు. తాత షాపు చూసుకుంటానన్నాడు. సీటు కుట్టమని ఎవరైనా వస్తే ఇనప సీటు చేసిస్తాడేమోనని నా భయం.

మీ అత్త


సెప్టెంబరు 4

అత్తయ్యా,

ఉంచారు. నిన్న కాగితం ఇచ్చారు. మీకే ముందు రాస్తున్నాను.

మన వీడియో ఆఫీసులో అందరూ చూశారు. పద్దెనిమిది కిలోమీటర్లూ నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకనట్టుంది. కానీ పదకొండో కిలోమీటరు దగ్గర ఆరు నిమిషాలు బండి కదలలేదు. కెమెరా మాత్రం తీస్తూనే ఉంది. మీరు కెమెరా ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళడం, పంక్చర్లు వేసే ఆయన బయటికొచ్చి మీతో మాట్లాడి తువ్వాలుతో మొహం తుడుచుకోవడం, మీరు మెడలో టేపు తీసి ఆయనకి ఒక కొస ఇచ్చి, వంగి ఆ బ్రేకరు ఎత్తు కొలవడం, అన్నీ ఉన్నాయి. వీడియోలు చూసే అమ్మాయిల్లో ఒకమ్మాయి లేచి వెళ్ళిపోయింది.

సూపర్‌వైజరు, "అన్నీ బాగున్నాయి గానీ, ఆ ఒక్కచోట పదకొండుసార్లు గుర్తు పడింది. ఒక లోపానికి ఒక్కసారి నొక్కాలమ్మా" అన్నాడు. "నేను కాదు సార్, మా అత్తయ్య నొక్కారు" అన్నాను. ఆయన ఆ ముక్క వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాడు. "అయితే పదకొండూ ఉండనీ" అన్నాడు. ఆరు నిమిషాలు కూడా కోయలేదు. అలాగే మరమ్మతుల వాళ్ళకి పంపించాడు.

ఒకటి అడగాలని ఉంది. అక్కడ మీరు ఏడవలేదు. నా కోసం ఆపుకున్నారా?

మీ కోడలు


సెప్టెంబరు 8

నా తల్లికి,

నీ ఉత్తరం తాతకి ఇచ్చి ఆయన్నే చదవమన్నాను. ఉంచారన్న ముక్క దగ్గర ఆయన మిషను ఆపాడు. పని మధ్యలో ఆయన మిషను ఆపడం నేను రెండుసార్లే చూశాను, రెండూ నీ వల్లే.

ఆపుకోలేదు. అక్కడ నాకు కోపం వచ్చింది. ఏడుపు రాలేదు. నిలబడి చూస్తే కూడా ఆ దిబ్బ కనబడలేదు. కాలికి తగిలితే తెలిసింది. ఇంత పెద్ద రోడ్డు వేసినవాళ్ళకి ఒక డబ్బా తెల్ల రంగు దొరకలేదా? ఎత్తు నాలుగంగుళాల పావు. కాగితం మీద రాసి మీ సూపర్‌వైజరుకి ఇవ్వు. ఏడుపంటావా, తిరుగు ప్రయాణంలో బస్సులో ఏడ్చాను. పక్కనున్నావిడ కిటికీ వైపు సీటు ఇచ్చేసింది. గాలికి బాగుంది.

పదకొండుసార్లు నొక్కింది కూడా కోపంతో కాదులే. మొదటిసారి నొక్కితే పడిందో లేదో తెలీలేదు.

మీ ఆఫీసులో ఇద్దరు క్లాంపులు అడుగుతున్నారని నేనొచ్చినప్పుడు చెప్పావు కదా, హ్యాండిల్ చుట్టుకొలత దారంతో కొలిచి, ఆ దారం పంపించమను. నోటి కొలతలకి నేను చెయ్యను.

మీ అత్త


అక్టోబరు 12

అత్తయ్యకు నమస్కారం.

దారాలు రెండూ పార్సిల్లో వేశాను, పేర్లు కట్టి.

నిన్న వేరే రోడ్డు తీయడానికి వెళుతూ అటు నుంచి వెళ్ళాను. బ్రేకరు మీద చారలు వేశారు. తెల్లవి, వెడల్పువి. పక్కన గుర్తు బోర్డు కూడా పాతారు. దూరం నుంచే కనబడుతోంది అత్తయ్యా. చాలా దూరం నుంచి. నేను వేగం తగ్గించాను. నా వెనకొచ్చే బళ్ళు కూడా తగ్గించాయి. పంక్చర్లు వేసే ఆయన నన్ను చూసి చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. ఆగలేదు, వీడియో నడుస్తోంది.

మీ కోడలు


అక్టోబరు 16

నా తల్లికి,

రెండుసార్లు చదివాను. సంతోషం.

చారలు ఒక పక్కే వేశారా, రెండు పక్కలా వేశారా, అది రాయలేదు. నువ్వు వెళ్ళింది ఇటు నుంచి. ఆ వ్యాను వచ్చింది అటు నుంచి. ఈసారి అటు నుంచి వచ్చి చూసి రాయి.

మీ అత్త